కెప్టెనన్న చిన్న గ్లాసులు

మా కెప్టెనన్న పోయారు. ఆ కబురు వాట్సాప్‌లో ఆయన కూతురి గొంతుతో వచ్చింది. నేనప్పుడు హోటల్ బార్లో నిలబడి పొద్దుటి సరుకు చూసుకుంటున్నాను. "అత్తా, మీ నంబరు మా బాపు ఫోన్ల 'దుబాయ్ చెల్లె' అని ఉన్నది. అందుకే చెప్తున్న. బాపు నిన్న పొద్దుగాల పోయిండు. చాయ్ తాగిండు, మంచంల ఒరిగిండు, మల్ల లేవలే." ఆ అమ్మాయిని నేనెప్పుడూ చూడలేదు. మూడుసార్లు విన్నాను. చేతిలో కాయితాలు పక్కన పెట్టి, గెస్టులు కూర్చునే ఎత్తు స్టూలు మీద కూలబడ్డాను. డ్యూటీలో ఉండగా ఆ స్టూలు మీద కూర్చోవడం నాకదే మొదటిసారి.

తెలియనివాళ్ల కోసం చెబుతున్నాను, హోటళ్లలో కెప్టెన్ అంటే వెయిటర్ల మీద పెద్ద వెయిటర్. మాది దుబాయ్‌లో దేరా వైపు, క్రీక్ పక్కనున్న పాత హోటలు. పడవలు కనబడే టెర్రస్ మీద బారు. ఆయనది జగిత్యాల పక్క పల్లె. మొదట బిల్డింగు పనికొచ్చి సోనాపూర్ లేబర్ క్యాంపులో నాలుగేళ్లున్నారు. తర్వాత ఒక హోటల్లో గ్లాసులు కడిగే పనికి మారారు. అక్కణ్నుంచి మెల్లగా కెప్టెనయ్యారు. "కడిగినోనికే తెలుస్తది చెల్లె, ఏ గ్లాసుల ఎంత మిగిలిందో, ఎందుకు మిగిలిందో" అనేవారు. నాది పాలకొల్లు వైపు. మా అమ్మ చుట్టాలందరికీ నేను హోటల్ ఆఫీసులో చేస్తున్నానని చెప్పుకుంది. బార్ అన్న మాట మా ఇంట్లో ఈ రోజుకీ ఎవరూ పలకరు.

ఆయనకొక పిచ్చి ఉండేది. కోల్ష్ అని జర్మనీలో కోల్న్ అనే ఊరి బీరు. లేత గడ్డి రంగు, పలుచన, పెద్ద చేదూ లేదు, పెద్ద మత్తూ లేదు. మా బారులో ఆరు కుళాయిలుండేవి. ఐదు బాగా నడిచేవి, ఆరోది ఇది. వెనకటి జర్మన్ షెఫ్ ఒకాయన పెట్టించిపోతే, దాన్ని కెప్టెనన్న పెంచుకున్నారు. దానికి వేరే గ్లాసులు. సన్నగా, నిటారుగా, పావు లీటరు కూడా పట్టనివి. ఒక గెస్టు పెదవి విరిచి "ఇది మందా, మంచినీళ్లా" అన్నాడంటే ఆ రోజంతా ఆయన ముఖం చూడలేకపోయేవాళ్లం.

ఆ బీరు పోయడానికొక పద్ధతుంది. గెస్టును "ఇంకోటి తేనా" అని అడగకూడదు. గ్లాసు అడుక్కి రాగానే కొత్తది పెట్టి పాతది తీసేయాలి. చాలనుకున్నప్పుడు గెస్టే, గ్లాసు కింద ఉండే గుండ్రటి అట్టను తీసి గ్లాసు మీద మూతలా పెడతాడు. అట్ట పెడితే ఖలాస్. పెట్టనంతసేపు మనం తెస్తూనే ఉండాలి. కోల్న్‌లో అదే ఆచారమట. నేను చేరిన కొత్తలో ఒకాయన్ని మర్యాదగా "ఇంకోటి తేనా సార్" అని అడిగితే, కెప్టెనన్న నన్ను పక్కకు పిలిచారు. "అట్ల అడగొద్దు చెల్లె. ఇంటికొచ్చిన మనిషిని ఇంకో ముద్ద పెట్టాల్నా అని అడుగుతమా? పెడ్తనే ఉంటం, ఆయన చెయ్యి అడ్డం పెట్టేదాక." నాకు నవ్వొచ్చింది. బారుకూ బంతి భోజనానికీ ఏం సంబంధమండీ అన్నాను.

ఒకసారి కరీంనగర్ వైపు ఫోర్‌మెన్‌లు నలుగురు వచ్చారు. వాళ్లకు అడక్కుండానే ఆయన ఈ బీరే పెట్టారు. ఒకతను ఒక్క గుటకలో గ్లాసు ఖాళీ చేసి, "గిదేందన్నా, నీళ్ల లెక్కున్నది" అన్నాడు.

"నీళ్ల లెక్కనే ఉండాలె. పొద్దుటి ఈతకల్లు ఎట్లుంటది? దాన్ని పెద్ద లోటల పోసుకొని గంటసేపు ముందట పెట్టుకుంటవా? తాటాకు రేకల ఇంత పోయించుకుంటవ్, తాగుతవ్, మల్ల పోయించుకుంటవ్. గిది కూడ గంతే. ఎండ దేశపోనికి చేసినట్టున్నది గని, చలి దేశపోళ్లు చేసుకున్నరు" అన్నారు కెప్టెనన్న.

ఆ నలుగురూ చాలాసేపు అట్ట పెట్టలేదు. ఆయన తెస్తూనే ఉన్నారు. వాళ్లు వెళ్లాక బల్ల తుడుస్తూ ఆయనే చెప్పారు, వాళ్ల నాన్న తాళ్లెక్కి కల్లు గీసేవాడని. బొంబాయి నుంచి విస్కీ సీసాలతో దిగినవాళ్లు వాళ్ల నాన్న ముందే కల్లును వెక్కిరించేవాళ్లట. "ఘాటుదాంట్ల తప్పు దాగుతది చెల్లె. పలుచదాంట్ల ఏది దాగది. కల్లు లొట్టి సరిగ కడగకున్నా తెలుస్తది, ఒక గడియ ఆలస్యమైనా తెలుస్తది. మా బాపు ఎంత నీటుగ గీసెటోడో ఒక్కడు మెచ్చుకోకపోయె." ఆయన ఆ బీరును ఎందుకంత పట్టుకు వేలాడుతున్నారో నాకప్పుడు అర్థమైంది. అర్థమై కూడా నేను చేసిన పని చేశాను. అందుకే ఈ నాలుగు ముక్కలు రాస్తున్నాను.

కరోనాకు మూసిన బారు మళ్లీ తెరిచేసరికి మనుషులు సగం మంది లేరు. కొందర్ని ఇళ్లకు పంపేశారు, కొందరు రాలేకపోయారు. ఉన్నవాళ్లలో నన్ను అసిస్టెంట్ మేనేజర్ని చేశారు. ఆరు నెలలు ప్రొబేషన్. అప్పటిదాకా నాకు ట్రేలు మోయడం తెలుసు, మనుషుల్ని నడపడం తెలియదు. తెలియనివాళ్లు మొదట చేసేదే నేనూ చేశాను, అన్నీ ఒకేలా ఉండాలని రూలు పెట్టాను. గ్లాసులు కడిగేవాళ్లు ఇద్దరే మిగిలారు. చిన్న గ్లాసులైతే ఒక గెస్టుకు ఐదారు కడగాలి. అందుకని కుళాయి బీరు ఏదైనా సరే అర లీటరు గ్లాసులోనే పోయాలన్నాను. ఆ సన్న గ్లాసులన్నీ మూటకట్టి కేకులు, స్వీట్లు చేసే పేస్ట్రీ కిచెన్‌కు పంపించేశాను.

కెప్టెనన్న ఒక్కసారే చెప్పారు. "చెల్లె, గిది పెద్ద గ్లాసుల బతకది."

"బీరు బీరేనండీ. గ్లాసు మారితే రుచి మారిపోద్దా?"

"రుచి మారది. వేడెక్కుతది. ఆరిపోతది."

అప్పటికింకా ఎండలు తగ్గలేదు. లోపల కుర్చీలు తగ్గించి అందర్నీ టెర్రస్ మీదికే పంపేవాళ్లం. అర లీటరు కోల్ష్ ఆ గాలికి పది నిమిషాల్లో నురుగు పోయి, గోరువెచ్చగా, ఏ రుచీ లేకుండా అయ్యేది. సగం తాగి వదిలేసేవాళ్లు. మళ్లీ ఎవరూ అడిగేవాళ్లు కాదు. మిగిలినదాన్ని సింకులో పారబోసేటప్పుడు ఆయన గ్లాసును ఎంత మెల్లగా వంచేవారో నేను చూశాను. నాకు తెలియలేదని అనను. తెలుసుకోవడం నాకు ఇష్టం లేకపోయింది, అంతే.

మూడు నెలలు తిరక్కుండా మీటింగు పెట్టారు. మా పెద్ద మేనేజర్ని అందరం ముదీర్ అనేవాళ్లం. ఆయన కాయితం చూసి, ఆరో కుళాయి తీసేద్దామన్నాడు. తర్వాత కెప్టెనన్న వైపు తిరిగి హిందీలో అడిగాడు. "క్యా కెప్టెన్, ఇదివరకు నడిచేది కదా, ఇప్పుడేమైంది?"

ఆయన ఒక్క మాటంటే చాలు, మేడమ్ గ్లాసులు తీసేసింది సార్ అని. నా ప్రొబేషన్‌కు ఇంకా మూడు నెలలుంది. మా తమ్ముడి చదువు, ఇల్లు, అన్నీ ఈ ఉద్యోగం మీదే. ఆయన నా వైపు చూడనైనా చూడలేదు. "కరోనా హై సర్. జర్మన్ గెస్ట్ నహీ ఆరహే" అన్నారు, జర్మన్ గెస్టులు రావడం లేదని. ముదీర్ తలాడించాడు. తీసేయమని రాసిన కాయితం మీద నేనే సంతకం పెట్టాను.

బయట కారిడార్లో ఆయన్ని పట్టుకున్నాను. థాంక్స్ చెబుదామనుకున్నాను గానీ, నోట్లోంచి "ఎందుకండీ అలా చెప్పారు" అన్న మాటొచ్చింది. కసురుకున్నట్టే వచ్చింది.

"బీరుకేంది చెల్లె, దాని ఊర్లె అది ఉంటది. నువ్వు ఈడ ఉండాలె" అన్నారాయన.

ఆరో కుళాయి పోయాక, బారులో ఆయన అవసరం లేదని బాంక్వెట్ హాలుకు మార్చారు. పెళ్లిళ్లకు కుర్చీలు వేయించడం, బఫే బల్లలు సర్దించడం. ఆ బదిలీ నేను అడ్డుకోగలిగేదాన్నో లేదో ఇప్పటికీ తెలియదు. అడ్డుకోవడానికి ప్రయత్నించలేదన్నది మాత్రం తెలుసు. ఒకరోజు ఏదో పనిమీద ఆ హాలుకు వెళ్లాను. స్వీట్ల బల్ల మీద ఆ సన్న గ్లాసులే, వరసగా, మామిడిపండు క్రీముతో నింపి ఉన్నాయి. కెప్టెనన్న ఒక్కో గ్లాసు అంచు గుడ్డతో తుడిచి, పక్కన చిన్న చెంచా పెడుతున్నారు. నన్ను చూసి నవ్వారు. "ఉన్నయ్ గద చెల్లె. ఏదో ఒక పని చేస్కుంటున్నయ్" అన్నారు. నేను ఫోనొచ్చినట్టు నటించి బయటికొచ్చేశాను.

మరుసటేడు ఆయన వీసా క్యాన్సిల్ చేసుకుని ఇంటికెళ్లిపోయారు. వెళ్లే ముందు నన్నొకటే అడిగారు, ఒక సెలవు రోజు ఏదైనా చోట గెస్టు లెక్క కూర్చోమని. ఆ బీరు దొరికేచోటు చూసుకుని తానే పోస్తానన్నారు. "ఇన్నేండ్లల్ల నువ్వు దాన్ని ఒక్క చెంచడే తాగినవ్, ట్రైనింగుల" అన్నారు. వచ్చే శుక్రవారం అన్నాను. ఆ తర్వాతి శుక్రవారం అన్నాను. ఆయన విమానం ఎక్కేశారు.

అప్పుడప్పుడు ఫోన్ చేసేవారు. కిందటి నెల ఒంట్లో ఎలా ఉందండీ అంటే, "నేనింక అట్ట పెట్టలే చెల్లె" అని నవ్వారు. తర్వాత "ఆ గ్లాసులు ఉన్నయా?" అన్నారు. ఉన్నాయండీ, భద్రంగా ఉన్నాయి అన్నాను. నేను వెళ్లి చూసిందే లేదు.

కబురు విన్న రోజున వెళ్లి చూశాను. పేస్ట్రీ కిచెన్‌లో, అట్టపెట్టె అడుగున మూడు మిగిలాయి. మిగతావన్నీ పగిలాయట. ఉన్నవాటికి పంచదార పాకం అంటి ఎండిపోయింది. ఆయన చెప్పిన పద్ధతిలోనే కడిగాను, ముందు వేడినీళ్లు, తర్వాత చన్నీళ్లు, గుడ్డ పెట్టకుండా బోర్లించి ఆరబెట్టడం. ఒకటి సంచిలో వేసుకుని, సాయంత్రం మందు అమ్మే లైసెన్సు షాపుకెళ్లి ఆ బీరు ఒక సీసా కొన్నాను. గది బాల్కనీలో కూర్చుని కొంచెం కొంచెంగా పోసుకున్నాను. నిజమే, నీళ్లలాగే ఉంది. రెండో గ్లాసుకు బార్లీ వాసన తెలిసింది, మూడోదానికి లేత చేదు. చివరి గుటక దాకా చల్లగానే ఉంది. ఇంత మంచిదాన్ని నేను వేడెక్కించి చంపి, అమ్ముడుపోలేదని రాశాను. ఆయనుండగా ఈ మాట ఆయనతో అనలేకపోయాను. ఇప్పుడు మీతో అంటున్నాను.

ఇప్పుడా గ్లాసు మా బారు వెనక అరమీద, ఆరో కుళాయి ఉండిన చోటుకు ఎదురుగా ఉంది. అది ఎందుకుందో ఎవరికీ చెప్పలేదు. కొత్తగా చేరిన నేపాలీ అమ్మాయి శుభ్రత మనిషి. దుమ్ము పడకుండా రోజూ బారు మూసేముందు దాని మీద ఒక అట్ట మూతపెట్టి వెళుతుంది. పొద్దున రాగానే నేను ఆ అట్ట తీసేస్తాను.