మా నాయన తర్జుమా ఆగిన సాయంత్రం

మా నాయన ఇంగ్లీషు ప్రసంగాలను తెలుగులోకి తర్జుమా చేస్తుంటే చూడాలి! బెంగుళూరు దండులో, అంటే కంటోన్మెంటులో, ఉన్న తెలుగు క్రైస్తవులకు ఆ రోజుల్లో అంతకు మించిన వేడుక లేదంటే నమ్మండి. పగలంతా మిలిటరీ ఆఫీసులో గుమాస్తా. సాయంత్రం ఇస్త్రీ కోటు తొడుక్కుని వేదిక ఎక్కాడంటే మనిషే మారిపోయేవాడు. ప్రసంగీకుడు ఒక్క వాక్యం చెబితే మా నాయన మూడు చెప్పేవాడు. ఆయన పాపం ఒక నదిలాంటిది అని ఊరుకుంటే, మా నాయన ఆ నదికి వరద తెప్పించి, గట్లు తెంపి, ఊళ్ళు ముంచి, చివరికి మనల్నందర్నీ ఒడ్డుకు చేర్చేవాడు. జనం ఊపిరి బిగబట్టి వినేవారు. నేను ఆడవాళ్ళ చాపల మీద ముందు వరసలో కూర్చుని, ఆయన మా నాయనేనని పక్కవాళ్ళకు తెలియాలని తెగ తాపత్రయపడేదాన్ని.

ఇంట్లో మాత్రం మాదీ అందరి బెంగుళూరు తెలుగే. సగం కన్నడం కలిసిన మాట. వేదిక మీద ఉన్నంతసేపే మా నాయన నోట పరిశుద్ధ గ్రంథపు తెలుగు పలికేది. కిందికి దిగి చెప్పులు తొడుక్కునేసరికి మళ్ళీ మామూలే.

నాయనకు ఒక్కగానొక్క తమ్ముడు, మా చిన్నాయన. బట్టల మిల్లులో ఫిట్టరు. యుద్ధం రోజుల్లో సోల్జర్ల లారీలు బాగుచేసే షెడ్డులో పనిచేసి, వాళ్ళతో మాట్లాడి మాట్లాడి ఇంగ్లీషు పట్టుకున్నాడు. ఒక ఆదివారం ఎవరో ఇంగ్లీషు ప్రసంగీకుడు వచ్చాడు. యుద్ధం పనిమీద ఆ రోజూ ఆఫీసుకు వెళ్ళిన నాయనకు ఆలస్యమైంది. గత్యంతరం లేక సంఘపెద్దలు చిన్నాయనను నిలబెట్టారు. ఆయన ఇంటి మాటల్లోనే, మెల్లగా, తడుముకుంటూ చెప్పుకుపోయాడు. ఎవరూ నవ్వలేదు. గుడంతా నిశ్శబ్దంగా వింటోంది. సరిగ్గా అప్పుడే మా నాయన వచ్చాడు. గుమ్మంలో కాసేపు నిలబడ్డాడు. తిన్నగా వేదిక మెట్లెక్కి, తమ్ముడి భుజం మీద చెయ్యేసి పక్కకు జరిపి, సంఘం వారు క్షమించాలని చెప్పి, ప్రసంగీకుడి చేత మొదటి నుంచీ మళ్ళీ చెప్పించి తర్జుమా చేశాడు. చిన్నాయన దిగి, చెప్పులు వేసుకుని వెళ్ళిపోయాడు. అంతే, మళ్ళీ గుడి గడప తొక్కలేదు. మా ఇంటికీ రాలేదు. ఆదివారాలు సైకిలు మీద కె.ఆర్.పురం చెరువుకు వెళ్ళి గాలం వేసుకుని కూర్చునేవాడు.

నాయన దృష్టిలో అది తప్పే కాదు. దేవుని మాట పాడు కాకూడదు గదా అనేవాడు. ఎవరు అడిగినా అదే జవాబు. దాంతో అడిగేవాళ్ళే తగ్గిపోయారు. ఒక్క మా అవ్వ మాత్రం, అంటే వాళ్ళిద్దరినీ కన్నతల్లి, ఏమీ అనకుండా చిక్కిపోతూ వచ్చింది. పండగపూట రెండిళ్ళకూ రెండు గిన్నెల్లో పాయసం మోసుకుంటూ తిరిగేది.

యుద్ధం అయిపోయిన మరుసటి ఏడు మా సంఘంలో ఉజ్జీవ కూటాలు, అంటే చల్లబడ్డ భక్తిని మళ్ళీ రగిలించే సభలు, పెట్టాలని నిశ్చయించారు. వారం రోజుల కూటాలు! అబ్బో, ఆ సంబరం ఏం చెప్పను! ఇన్నాళ్ళూ బాంబుల భయానికి దీపాలకు నల్లకాగితాలు అంటించుకుని బతికినవాళ్ళం, ఇప్పుడు పందిరినిండా పెట్రోమాక్సులు వెలిగిస్తారట. మలయాళ దేశం నుంచి ఒక పెద్దాయన వస్తున్నారట, ఆయన ఎక్కడ మాట్లాడినా జనం ఏడ్చి, మారి, అప్పులు తీర్చి, తగాదాలు మానేశారట. కాడుగోడి వైపు పల్లెల నుంచి ఎద్దుబళ్ళ మీద వచ్చేవాళ్ళకు భోజనాలని ఇంటింటా ఆడవాళ్ళు వండే ముందు పిడికెడు బియ్యం తీసి డబ్బాలో వేస్తున్నారు. రేషను బియ్యం, అందులో సగం రాళ్ళే, అయినా ఎవరూ వెనకాడలేదు. పెద్దల కమిటీ మా వసారాలోనే కూర్చునేది. పందిరి, గుంజలు, హార్మోనియం, నోటీసులు, ఎవరు ఎక్కడ కూర్చోవాలి, దండ ఎవరు వెయ్యాలి, అన్నీ మాట్లాడారు. దండ దగ్గర ఇద్దరు పెద్దలు కొట్లాడుకున్నారు కూడా. కాఫీలు అందించలేక మా అమ్మకు నడుం పడిపోయింది.

ఒకరోజు అవ్వ తలుపు పక్కన నిలబడి, కూటాలకు ముందు ప్రార్థనలకు ఏ రోజులు పెట్టుకున్నారప్పా అని అడిగింది. కమిటీ వాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. మా నాయన ఏమాత్రం తడబడలేదు.

"నోటీసులో పైన పెద్దచ్చరాల్లో ప్రార్థించుడి అని వేయించినాం గదమ్మా" అన్నాడు.

నాకు నవ్వాగలేదు. అవ్వ మాత్రం నవ్వలేదు. ఆ మర్నాడే తెల్లవారుతుండగా లేచి, తలకు ముసుగు కప్పుకుని గుడికి బయల్దేరింది. తోడుకు నన్ను లేపింది. ఇంకో నలుగురైదుగురు ముసలమ్మలు చేరారు. ఖాళీ గుడిలో, చల్లటి గచ్చు మీద మోకాళ్ళూని ప్రార్థించేవారు. రోజూ అదే. వాళ్ళ ప్రార్థనల్లో వరదలూ లేవు, గట్లూ లేవు. అవ్వది మరీ చిన్నది. నా బిడ్డలిద్దరూ ఒక్కచోట మోకరించేది నా కళ్ళతో చూడాల తండ్రీ, అని. దానికి ముందూ లేదు, వెనకా లేదు. నాకైతే విసుగొచ్చేసింది. దారిలో అడిగాను, కన్నతల్లివి, నాయనను కూర్చోబెట్టి నాలుగు చివాట్లు పెట్టకూడదా అని.

"నేను చెప్తే నాతో వాదిస్తాడు పాపా. దేవునితో వాదించేదానికి వానికింకా ధైర్యం రాలేదు" అంది.

నేను ఊరుకునే రకం కాదు. ఒక సాయంత్రం నోటీసు పట్టుకుని చిన్నాయన ఇంటికి పరుగెత్తాను. ఆయన నోటీసు మొత్తం చదివి, మా నాయన పేరు దగ్గర కాసేపు ఆగి, మడిచి నా చేతికే ఇచ్చేశాడు. చేతినిండా వేయించిన శనక్కాయలు పోసి, పాపా, చీకటి పడకముందే ఇంటికి పో అన్నాడు. వస్తానని అనలేదు, రానని కూడా అనలేదు. ఆ రెండోదే పట్టుకుని అవ్వకు గొప్పగా చెప్పాను.

మొదటి సాయంత్రం పందిరి కిటకిటలాడింది. మలయాళ పెద్దాయన సన్నగా, తెల్ల జుబ్బాలో, గాలికి ఎగిరిపోతాడేమో అనిపించేలా ఉన్నాడు. ఒక్క ముక్క తెలుగు రాదు, మాట్లాడేదంతా ఇంగ్లీషే. మా నాయన ఆ రోజు చెలరేగిపోయాడు! పెద్దాయన చిన్న వాక్యం చెప్పి ఆగడం, నాయన ఆ వాక్యాన్ని పందిరి చివరిదాకా పరుగెత్తించడం, పెద్దాయన చేతులు కట్టుకుని తన వంతు కోసం ఎదురుచూడటం. ఇంటికి వెళ్తూ అందరూ తర్జుమా తర్జుమా అని ఒకటే పొగడ్త. అన్నం వడ్డిస్తూ మా అమ్మ, ఇంతకీ ఆయన ఏం చెప్పినాడు అని అడిగింది. మాలో ఎవరికీ గుర్తు రాలేదు. నాయన చెయ్యి కడుక్కుని లేచి వెళ్ళిపోయాడు.

రెండో సాయంత్రం పాటలు కాగానే అలవాటుగా వెనక్కి తిరిగి జనాన్ని చూశాను. పందిరి బయట, చివరి గుంజ పక్కన, సైకిలు పట్టుకుని చిన్నాయన నిలబడి ఉన్నాడు! అవ్వను మోచేత్తో పొడిచాను. అవ్వ తిరిగి చూడలేదు. నా చెయ్యి మాత్రం గట్టిగా పట్టుకుంది. తనకు ముందే తెలిసినట్టుంది.

పెద్దాయన లేచాడు. గ్రంథం తెరిచి, మళ్ళీ మూసేశాడు. నిన్న తాను బాగా మాట్లాడానని మురిసిపోతూ పడుకున్నాడట. పొద్దున్నించీ ప్రార్థన చేద్దామంటే రావడం లేదట. దేవుని ముందు అది సరిచేసుకోకుండా మీ ముందు నోరు తెరవలేనన్నాడు. నాయన దాన్ని కూడా దివ్యంగా, మూడు వాక్యాల్లో వినిపించాడు. పెద్దాయన వేదిక చెక్కల మీద మోకాళ్ళూని, తల వంచి, మౌనంగా ఉండిపోయాడు.

నాయన తర్వాతి వాక్యం కోసం చెయ్యి సిద్ధంగా ఎత్తుకుని నిలబడ్డాడు. వాక్యం రాలేదు. ఇంకాసేపు చూశాడు. రాలేదు. దీపాల బుస్సుమనే శబ్దం తప్ప పందిరిలో చప్పుడు లేదు. హార్మోనియం ఆయన ఏదో రాగం అందుకోబోతే పెద్దాయన తలెత్తకుండానే వద్దని చెయ్యి ఊపాడు. మా నాయన ఎత్తిన చెయ్యి దించాడు. ప్రియులారా అని మొదలుపెట్టాడు, అక్కడే ఆగిపోయాడు. చెప్పడానికి ఏముంది? అవతలి మనిషి ఏమీ అనడం లేదే. అంత జనం ముందు మా నాయన అలా మాటలేక నిలబడటం నేనెప్పుడూ చూడలేదు. నాకు ఏడుపొచ్చేలా ఉంది. ఎటు చూడాలో తెలియక నాయన జనంలోకి చూశాడు, జనం దాటి బయటికి చూశాడు. ఆ చూపు చివరి గుంజ దగ్గర ఆగిపోయింది.

మెల్లగా మోకాళ్ళ మీదికి వంగాడు. నోరు విప్పాడు. గ్రంథపు తెలుగు కాదు, మా ఇంట్లో మాట.

"తండ్రీ, నా తమ్ముణ్ణి ఇక్కణ్ణుంచి దింపేసినాను. నీ మాట పాడవకూడదని దింపినానని అందరికీ చెప్పినాను. అబద్ధం. జనం వాని మాట చెవులప్పగించి వింటాండారు. అది చూసి ఓర్వలేక దింపినాను."

పందిరి మొత్తం గతుక్కుమంది. ఎవరో ఆడమనిషి వెక్కింది. నాయన ఇంకా ఏదో అనబోయాడు. వెనక సైకిలు దభీమని కిందపడ్డ చప్పుడైంది. మగవాళ్ళ చాపల మధ్య నుంచి, కాళ్ళు తొక్కుకుంటూ, చిన్నాయన వచ్చేస్తున్నాడు! మెట్లెక్కి అన్న పక్కన మోకాళ్ళూని, వీపు మీద చెయ్యేశాడు. అవ్వ నా చెయ్యి వదిలేసి, చాప మీదికి వంగి నేలకు తల ఆనించింది.

ఇక ఆ తర్వాత పందిరిలో జరిగింది వర్ణించడం నా వల్ల కాదు. ఎవరూ చెప్పకుండానే అందరూ మోకాళ్ళ మీద ఉన్నారు. కమిటీలో దండ ఎవరు వెయ్యాలని కొట్లాడుకున్న ఇద్దరూ ఒకరి భుజం మీద ఒకరు ఏడుస్తున్నారు. మా అమ్మ ఎన్నాళ్ళ నుంచో మాటల్లేని పక్కింటామె దగ్గరికి పాక్కుంటూ వెళ్ళింది. అంత ఏడుపులోనూ ఎంత సంతోషమో! నేనైతే ఏడుస్తూ నవ్వుతూ, కొంగుతో మొహం తుడుచుకుంటూ, తండ్రీ తండ్రీ అంటున్నాను.

అప్పుడు పెద్దాయన ఇంగ్లీషులో పైకి ప్రార్థన మొదలుపెట్టాడు. నాయన నోరు తెరిచాడు, ఏడుపు తప్ప ఏమీ రాలేదు. తమ్ముడి మోచెయ్యి తట్టాడు.

"నువ్వు చెప్పు" అన్నాడు.

చిన్నాయన చెప్పాడు. మెల్లగా, తడుముకుంటూ, ఒక్క వాక్యానికి ఒక్క వాక్యం. మధ్యలో ఒకచోట తప్పింది. నా బడి ఇంగ్లీషుకే అర్థమయ్యేంత తప్పు. ఆయనకూ తెలిసిపోయి టక్కున ఆగాడు. తలలు ఒక్కొక్కటిగా లేచాయి, అందరి చూపూ మా నాయన మీదే. నాయన కళ్ళు తెరవలేదు.

"ఆమెన్" అన్నాడు.

చిన్నాయన తర్వాతి వాక్యంలోకి సాగిపోయాడు. ఆ వారంలో మిగిలిన రోజులన్నీ తర్జుమా ఆయనే చేశాడు. మా నాయన ఇస్త్రీ కోటు ఇంట్లో వదిలేసి, కింద మగవాళ్ళ చాపల మీద అందరి మధ్యా కూర్చుని, తమ్ముడు తప్పు చెప్పినా ఒప్పు చెప్పినా ఆమెన్ అంటూనే ఉన్నాడు.