రెండు డబ్బాల బీరు

పోయిన నెలలో ఒక ఆదివారం ఉదయం అక్క ఫోన్ చేసి, "మీ బావ లేవడం లేదురా" అంది. గొంతు మామూలుగానే ఉంది. నేను వెళ్ళేసరికి అంబులెన్స్ ఇంటి ముందు ఉంది. అందులోంచి దిగిన మనుషులకు తొందరేమీ లేదు. వాళ్ళను చూడగానే నాకు తెలిసిపోయింది.

బావగారి గురించి నాలుగు మాటలు రాయమని ఇక్కడి తెలుగు అసోసియేషన్ వాళ్ళు అడిగారు. రోజు ఖర్చులు తప్ప ఏమీ రాసి ఎరగను. తెలిసినంత రాస్తాను.

ఆయన కార్ల కంపెనీలో డిజైనర్. ఇల్లు అమెరికాలో, డెట్రాయిట్ పక్కన ఫార్మింగ్టన్ హిల్స్‌లో. ఈ దేశం వచ్చిన కొత్తలో వాళ్ళ బేస్‌మెంట్‌లోనే ఉండేవాణ్ణి. కాలేజీ ముఖం చూడని నాకు వంటింటి బల్ల మీద బ్లూప్రింట్ చదవడం నేర్పింది ఆయనే. తప్పు చెబితే కోప్పడేవారు కాదు. "మళ్ళీ చూడవోయ్, తొందరేముంది" అనేవారు. ఆ చదువుతోనే ఇప్పటికీ తింటున్నాను.

శనివారం మధ్యాహ్నం ఆయన స్నేహితులు ముగ్గురు కుటుంబాలతో వచ్చేవారు. ఆడవాళ్ళు పైన, మగవాళ్ళు కింద బేస్‌మెంట్‌లో. స్కాచ్ సీసా బావగారిది. అందరికీ పోశాక, తన గ్లాసులో చివరగా, కాస్త తక్కువగా పోసుకునేవారు. వారమంతా ఆ పూట కోసమే పనిచేస్తున్నట్టు ఉండేది ఆయన ముఖం.

ఎనభైల మొదట్లో కార్ల కంపెనీలు మనుషుల్ని తీసేస్తూ వచ్చాయి. బావగారి ఉద్యోగం పోయింది. అక్కకూ నాకూ తప్ప ఎవరికీ చెప్పలేదు. రోజూ టై కట్టుకుని, కారు తీసి, లైబ్రరీకి వెళ్ళి కూర్చునేవారు.

"మీ స్నేహితులకు చెబితే ఏమవుతుంది బావగారూ?" అని ఒకసారి అడిగాను.

"చెబితే జాలిపడతారు. ఆ తర్వాత నాతో జోకులు వేయరు. జోకుల్లేని శనివారం నాకెందుకు?"

స్కాచ్ ఆగిపోయింది. మీ సీసా మీరు తెచ్చుకోండని స్నేహితులతో అనడం ఆయన వల్ల కాదు. ఇంట్లో బీరు కాచుకోవడం అప్పటికి కొత్తగా చట్టబద్ధమైంది. ఒక కిట్ కొనుక్కొచ్చారు. పాకం లాంటి బార్లీ మాల్ట్ ఉన్న డబ్బా, దాని మూత కింద పులియబెట్టే ఈస్టు పొట్లం. లేబుల్ మీద ఎలా ఉంటే అలా, చక్కెర వేసి, బకెట్ నిండా నీళ్ళు పోసి కాచారు.

"గిది బీరా అన్నా?" అన్నాడు వాళ్ళల్లో చిన్నవాడు, వరంగల్ అబ్బాయి. "దీన్ని తాగి డ్రైవ్ చేస్తే పోలీసాయనే జాలిపడి ఇంకో గ్లాసు పోస్తడు."

అందరికంటే ముందు బావగారే నవ్వారు. కానీ మర్నాడే బలం పెంచే పనిలో పడ్డారు. చక్కెర ఎక్కువైతే బలం పెరుగుతుందని ఎక్కడో చదివారు. చక్కెర కంటే బెల్లం మేలు కదా అనుకున్నారు. ఇండియన్ స్టోర్‌లో దొరికిన బెల్లమంతా ఆ బకెట్‌లోకి పోయింది. బలం వచ్చింది. దాంతోపాటు వాసనా వచ్చింది.

గుంటూరు స్నేహితుడు గ్లాసు ముక్కు దగ్గర పెట్టుకుని, "అన్నగారూ, మా చెరుకు తోటల్లో ఎక్సైజువాళ్ళు పగలగొట్టే కుండ గుర్తొస్తోందండీ" అన్నాడు.

"గిన్ని పైసలు ఏం జేస్తవ్ అన్నా?" అన్నాడు వరంగల్ అబ్బాయి. "ఒక్క స్కాచ్ సీసాకు గింత పిసినారితనమా?"

ఆ మాటకు బావగారు నవ్వడం కొంచెం ఆలస్యమైంది.

తర్వాతి శనివారం ఎవరూ రాలేదు. ఒకరికి పిల్లవాడి జ్వరం, ఒకరికి ఆఫీసు పని. ఆ పై వారమూ అంతే. ఇస్త్రీ చొక్కా వేసుకుని బావగారు కిటికీ దగ్గర కూర్చున్నారు. వీధిలో కారు చప్పుడు వినిపిస్తే తల తిప్పి చూసేవారు. అక్క బజ్జీల పిండి ఫ్రిజ్‌లో పెట్టేసింది.

మూడోసారి ఆయన తొందరపడలేదు. చక్కెర మానేసి, ఒక డబ్బాకు బదులు రెండు డబ్బాల మాల్ట్ వేశారు. నీళ్ళు పెంచలేదు. ఈస్టును ముందుగా గోరువెచ్చని నీళ్ళలో లేపి, నురుగు కట్టాక కలిపారు. అయినా మిషిగన్ చలికి బేస్‌మెంట్‌లో అది మధ్యలోనే నిద్రపోయింది. తీపి కొలిచే గాజు గొట్టం ముంచి చూస్తే తీపి ఇంకా అలాగే ఉంది. అప్పుడే సీసాల్లో పోస్తే లోపల గ్యాసు పట్టి పగులుతాయని, బకెట్‌ను ఇల్లు వెచ్చబెట్టే ఫర్నేస్ దగ్గరికి జరిపి దుప్పటి చుట్టారు. చలికాలమంతా రోజూ దాన్ని పలకరించేవారు. ఉద్యోగాల జవాబులు కూడా ఆ రోజుల్లోనే వస్తుండేవి, అన్నీ లేదనే.

"తిండి ఎక్కువ పెడితే చాలదోయ్, అరిగే దాకా ఆగాలి" అనేవారు. ఈస్టు గురించే అన్నారనుకుంటాను.

మంచు కరిగాక ఆయనే అందరికీ ఫోన్ చేసి రమ్మన్నారు. మొహమాటానికి వచ్చారు. ముదురు రంగు, గట్టి నురుగు, నాలుక మీద నిలిచే రుచి. వరంగల్ అబ్బాయి మొదటి గ్లాసు మాట్లాడకుండా తాగాడు. రెండోది తాగి లేవబోయి, మళ్ళీ కూర్చున్నాడు.

"ఏం పోసినవ్ అన్నా ఇందుల?"

"రెండు డబ్బాలు. మీరు మామూలు బీరనుకుని తాగారు. కారు తాళాలు ఇటివ్వండి. భోంచేసి, నేను సరే అన్నాకే వెళ్ళడం."

అందరి తాళాలూ జేబులో వేసుకున్నారు. ఆ రోజు తాను మాత్రం చుక్క ముట్టలేదు. వెళ్ళడానికి వీల్లేక అందరూ నింపాదిగా కూర్చుని ఉండగా, "నాకు ఉద్యోగం లేదయ్యా, చలికాలం ముందు నుంచీ" అన్నారు.

వరంగల్ అబ్బాయి తల దించుకున్నాడు. తర్వాత తన ఖాళీ గ్లాసు ముందుకు జరిపి, "అయితే ఖాళీగనే ఉన్నవ్ కదా, ఎక్కువ కాయి అన్నా. గిది ఏ మూలకు సరిపోతది?" అన్నాడు.

బావగారు పగలబడి నవ్వారు. నవ్వుతూనే కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు. ఆ పై వారం ముగ్గురూ తలా రెండు మాల్ట్ డబ్బాలు పట్టుకొచ్చారు. స్కాచ్ సీసా తెస్తే ఆయన తీసుకోరని వాళ్ళకు తెలుసు. వేసవిలో ఆయనకు ఒక చిన్న కంపెనీలో పని దొరికింది. బీరు కాయడం మాత్రం మానలేదు, తాళాలు పుచ్చుకోవడమూ మానలేదు.

కర్మకాండలు అయిపోయాక వచ్చిన మొదటి శనివారం, ఎవరూ పిలవకుండానే ముగ్గురూ వచ్చారు. బావగారు కాచిన చివరి బకెట్ సీసాల్లోకి ఎత్తకుండా మిగిలిపోయింది. చొక్కా చేతులు మడుచుకుని సీసాలు కడగడం మొదలుపెట్టారు. ఇంకా ఆగాలని ఒకరు, పులియడం అయిపోయిందని ఒకరు. వరంగల్ అబ్బాయి గొంతే అన్నిటికంటే పైన ఉంది. అక్క కిందికి రాలేదు. బేస్‌మెంట్ మెట్ల మధ్యలో గోడకానుకుని కూర్చుని ఆ వాదన వింటోంది. నేను మరిగిన నీళ్ళ గిన్నె పట్టుకుని దిగుతుంటే, కాళ్ళు ఒక పక్కకు ముడుచుకుని దారి ఇచ్చింది. కళ్ళు మాత్రం కింద గొంతుల వైపే ఉన్నాయి.