స్టూడియో కాక పొట్టి లెన్సు

నిజామాబాద్ స్టూడియో కాక పోయాడని మొన్న మా బాపు వచ్చి చెప్పాడు. నేను ఈ నవీపేట ఇంటికి కోడలినయ్యానంటే ఆయన చలవే. ఆ సంబంధం చెడగొట్టబోయిందీ ఆయనే అనుకోండి.

కాక మా బాపుకు చిన్ననాటి దోస్తు, నిజామాబాద్‌లో ఫొటో స్టూడియో నడిపేవాడు. దూరపువాటిని దగ్గరగా తీసే లెన్సు ఒకటి హైదరాబాద్ నుంచి తెచ్చుకున్నాడు. అలాంటివి మూరెడు పొడుగుంటాయట, ఇది జానెడు కూడా లేదు. కండువా కింద దాచుకుని తిరిగేవాడు. "కెమెరా సూస్తే మనుషులు కట్టె లెక్క బిగుసుకపోతరు. గిప్పుడు ఎవలకు ఎర్కయితలేదు," అని మురిసిపోయేవాడు. ఎండ తగ్గితే ఫొటో మసకబారేది, చెయ్యి వణికితే చెదిరిపోయేది. ఆ రెండు లోపాలే ఆయనకు తెలుసు.

మూడోది నా మెడకు చుట్టుకుంది. పెళ్లి ఖాయమయ్యాక ఒకరోజు, బోధన్‌లో చక్కెర ఫ్యాక్టరీ ముందు చెరకు బండ్ల వరుసలో ఉన్న బాపుకు సద్ది తీసుకెళ్లాను. కాక ఎక్కడి నుంచో ఫొటో తీసి, బాగా వచ్చిందని స్టూడియో ముందరి అద్దాల్లో అందరికీ కనిపించేలా పెట్టాడు. అందులో నా భుజం పక్కనే ఎవరో పిల్లగాడు నవ్వుతున్నాడు. నిజానికి అతను ఎన్నో బండ్ల వెనక ఉన్నాడట, నేనతన్ని చూడనే లేదు. పసుపు అమ్మడానికి నిజామాబాద్ వచ్చిన నాకు కాబోయే మామ అది చూసి, సంబంధం వద్దని కబురు పంపాడు. నేనెంత చెప్పినా మా ఇంట్లోనే ఎవరూ నమ్మలేదు.

సంగతి తెలిసి కాక కెమెరాతో నవీపేట వెళ్లాడు. జరిగింది మా అత్తమ్మ ఇప్పటికీ నవ్వుతూ చెబుతుంది. ఆమె దూరంగా బావి దగ్గర నీళ్లు చేదుతోంది. ఆమెకు ఎంతో వెనక, వీధి చివర, ఒకాయన మేకలు తోలుకుపోతున్నాడు. కాక తన కెమెరాను మామ కంటికి ఆనించాడు. అందులో అత్తమ్మా, మేకలాయనా పక్కపక్కనే ఉన్నారు. మామ కెమెరా దించి చూశాడు, మళ్లీ ఎత్తి చూశాడు.

"నడుమ దూరం ఏడ వాయె?"

"నా లెన్సు మింగింది పటేలా. తప్పు నాది, పిల్లది గాదు."

మా పెళ్లయింది. కాక ఆ లెన్సును మాత్రం వదల్లేదు. కాకపోతే అప్పటి నుంచి చెయ్యెత్తి, "తీస్తున్ననే," అని కేకేసి మరీ తీసేవాడు. దాచుకునే లెన్సుకు ఈ దండోరా ఎందుకని ఆటపట్టిస్తే, "అడిగి తీస్తే ఏం పోతది బిడ్డా," అనేవాడు.

నిన్న స్టూడియోకు వెళ్లాను. గోడ నిండా ఆయన దూరం నుంచి తీసిన ఫొటోలే. కందకుర్తి రేవులో, కాలువ గట్ల మీద, చెరకు తోటల్లో అందరూ పని ఆపి, ఎండకు చెయ్యి అడ్డం పెట్టుకుని, ఆయన వైపే చూస్తున్నారు.