పేరుకే అమ్మకం

రెండువేల పదిహేను, ఏప్రిల్ నెల. భోపాల్‌పట్నంలో మాకు పంపులు, పైపుల దుకాణం ఉంది. అమ్మడంతో మా పని అయిపోదు, డ్రిప్ బిగించడమూ మా నెత్తి మీదే. బావి నుంచి వచ్చే పెద్ద గొట్టాన్ని మెయిన్ లైన్ అంటాం. దాన్ని అడుగున్నర లోతున పూడుస్తాం. దానికి తగిలించి ప్రతి వరుసకూ తీసుకెళ్లే సన్నని నల్ల గొట్టాలు లాటరల్స్. అవి నేల మీదే పడి ఉంటాయి. ఈ పని గురించి ఇంత తెలిస్తే చాలు.

ఆ వేసవిలో దగ్గరి దోర్ల ఆదివాసుల పల్లెలో సమ్మయ్య అనే రైతు మామిడి తోటకు డ్రిప్ మంజూరైంది. కిందటి వానల్లో నాటిన మొక్కలు. సమ్మయ్య, అతని భార్య, తల్లి ఎర్రమ్మ కావిళ్లతో నీళ్లు మోసి వాటిని బతికించుకుంటూ వచ్చారు. ఎండలు ముదిరేసరికి చివరి వరుసలు ఆకు రాల్చడం మొదలుపెట్టాయి. మిరప పంటలో సమ్మయ్య అప్పటికే దెబ్బతిన్నాడు. తోట కూడా పోతే ఇంటిల్లిపాదీ తెలంగాణకు కూలికి పోవాల్సిందే.

డ్రిప్ సామాను చేసే కంపెనీ ఇజ్రాయెల్‌ది. దీన్ని నమూనా తోటగా ఎంచుకుని ఒక నిపుణుణ్ణి పంపారు. వచ్చేది యూదుడే అనుకున్నాను. జీపు దిగినాయన పేరు సలీం. మధ్యాహ్నం చాప అడిగి, మా దుకాణం వెనక నీడలో నమాజు చేసుకున్నాడు. నా నోరు ఊరుకోదు కదా, వచ్చీరాని ఇంగ్లీషులో అడిగేశాను.

"మీరు ఇజ్రాయెల్‌కి ఎప్పుడు వెళ్లారు?"

"మేమెక్కడికీ వెళ్లలేదు. మా తాత పుట్టిందీ అక్కడే. దేశమే తర్వాత వచ్చింది" అన్నాడాయన.

ఆ దేశంలో అరబ్బులు పౌరులుగా ఉంటారనీ, ఓట్లు వేస్తారనీ, యూదుల పక్కన కూర్చుని ఉద్యోగాలు చేస్తారనీ నాకు నిజంగా తెలియదు. టీవీలో కనిపించేదల్లా తుపాకులూ పొగే. ఆ దేశం ఏర్పడ్డ పంతొమ్మిది వందల నలభై ఎనిమిది యుద్ధంలో సలీం తాత కుటుంబం పక్క ఊరికి పోయి తలదాచుకుందట. గొడవ సద్దుమణిగాక తిరిగి వెళ్లనివ్వలేదట. వాళ్ల పొలం కొత్తగా వెలిసిన యూదు రైతుల ఊరికి పోయింది. మా బస్తర్ సంస్థానం దేశంలో కలిసిందీ ఆ ఏడాదే అని చెప్పాను. మా తాత రాజుగారి ప్రజ, నాన్న మధ్యప్రదేశ్ వాడు, నేను ఛత్తీస్‌గఢ్ వాణ్ణి. ఇల్లు మాత్రం ఒక్కటే.

"ఇల్లు మిగిలింది కదా, అదృష్టవంతులు" అన్నాడు సలీం.

మర్నాడు పొద్దున్నే కూలీలతో, గడ్డపారలతో తోటకు వెళ్లాం. సమ్మయ్య ఎదురొచ్చి నిలబడ్డాడు.

"ఇయ్యాల తవ్వుడు కాదు సేటూ. పండుం ముందుకు జరిపిన్రు. నిన్ననే ఊళ్లె చెప్పిన్రు. అది అయ్యేదాక భూమిల ఇనుము దించం."

పండుం అంటే విత్తనాల పండుగ. ఆ పల్లెలో పెద్దలు కబురు వేసినప్పటి నుంచి, విత్తనాలను పూజలో పెట్టి ఇంటింటికీ పంచేదాకా ఎవరూ నేలను తవ్వరు, గుచ్చరు. ఆచారం నాకు తెలిసిందే. పండుగను ముందుకు జరిపిన సంగతే తెలియలేదు.

"అప్పటిదాకా మొక్కలు ఆగుతాయా సమ్మయ్యా?"

"ఆగయి. నాకు తెల్వదా? అయినా తవ్వ. ఊరికి కీడొస్తే ఎవల చేతుల మీదికెళ్లి వచ్చిందంటరు?"

సలీం మర్నాడు సాయంత్రం వెళ్లిపోవాలి. విషయం ఇంగ్లీషులో చెబితే ఆయన తల పట్టుకుంటాడనుకున్నాను. ఆశ్చర్యమైనా పడలేదు. యూదుల్లోనూ ఇలాంటిదే ఉందన్నాడు. ఏడేళ్లకోసారి భూమికి విశ్రాంతి ఇవ్వాలి. ఆ ఏడాది యూదుడు తన పొలంలో దున్నకూడదు, విత్తకూడదు. దాని పేరు షెమిటా. సరిగ్గా అప్పుడు అక్కడ ఆ సంవత్సరమే నడుస్తోంది.

"మరి తిండెలా?"

"చాలామంది ఆ ఒక్క ఏడాదికి పొలాన్ని యూదుడు కానివాడికి అమ్మేస్తారు. పేరుకే. పని ఆగదు, నియమమూ తప్పదు. ఇక్కడా అలాగే చేయొచ్చు. పండుగ దాకా తోట నీదని అనుకోండి. నువ్వు దోర్లవాడివి కాదు కదా, నీ కూలీలు తవ్వుతారు. తర్వాత తిరిగి ఇచ్చేయ్."

భలే ఉపాయమనిపించింది. ఆదివాసీ భూమి మాలాంటివాళ్లం కొనకూడదని ఇప్పుడు చట్టం ఉంది. అయినా ఇది ఉత్త మాటే కదా అనుకుని హుషారుగా చెప్పేశాను.

"పేరుకే సమ్మయ్యా, మాట వరసకు!"

సమ్మయ్య మొహం మాడిపోయింది. మొక్క మొదట్లో కూర్చున్న ఎర్రమ్మ లేచి వచ్చింది.

"మీ తాత గూడ గట్లనే అన్నడు సేటూ. పేరుకే రాసియ్యి, నీ చెలక యాడికి పోద్దన్నడు మా మామతోటి. తొవ్వ పక్క చెలక ఇప్పుడెవలి పేరు మీదున్నది? నువ్వే జెప్పు."

దారి పక్కనున్న ఆ మెట్ట పొలం మా బాబాయి కొడుకుల పేరు మీద ఉంది. తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. ఆమె ఏమందని సలీం అడిగాడు. ఏదో ఒకటి చెప్పి తప్పించుకుందామనిపించింది. కానీ ఎర్రమ్మ నా మొహంలోకే చూస్తోంది. ఉన్నదున్నట్టు చెప్పాను.

సలీం పైపు చుట్ట మీద కూర్చుండిపోయాడు. "నా మాట వెనక్కి తీసుకుంటున్నానని చెప్పు. ఇంకో సంగతి కూడా చెప్పు" అన్నాడు.

ఆయన చిన్నప్పుడు ఒక షెమిటాకి ఆ యూదు రైతులు నమ్మకస్తుడని ఆయన తండ్రినే పిలిచారట. వాళ్లు ఆ ఏడాదికి అమ్మిన పొలాల్లో తాత పోగొట్టుకున్న పొలమూ ఉంది. తండ్రి సంతకం చేశాడు. ఏడాది కాగానే తిరిగి ఇచ్చేశాడు.

"మా ఇంట్లో ఆ పొలం రెండుసార్లు పోయింది. మొదటిసారి మా తాత ఏడ్చాడు. రెండోసారి మా నాన్న నవ్వాడు. ఆ నవ్వంటే మాకు భయమేసేది."

నేను తెలుగులో చెబుతుంటే ఎర్రమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"ఆ ఏడు మీ అయ్య ఒక్కపారన్న పోయి ఆ పొలంల నిలబడ్డడా బిడ్డా?"

సలీం తల అడ్డంగా ఊపాడు. "తనదే కదా, ఎవరు వద్దంటారు? అయినా వెళ్లలేకపోయాడు."

ఎర్రమ్మ వెళ్లి ఆయనకు నీళ్లు తెచ్చి ఇచ్చింది.

సలీం ఇంట్లోనూ ఎర్రమ్మ ఇంట్లోనూ అమ్మకం పేరుకే అన్నారు. అక్కడ కొన్నవాడు బలహీనుడు, కాబట్టి అది పేరుకే మిగిలింది. ఇక్కడ కొన్న మా తాత బలమున్నవాడు, కాబట్టి నిజమైపోయింది. ఈ తేడా నాకు ఆ తోటలోనే బుర్రకెక్కింది.

తవ్వకుండా నీళ్లెలా ఇవ్వాలన్నదే ఇక మిగిలింది. మామూలు మెయిన్ పైపు ఎండకు పెళుసైపోతుంది, అందుకే పూడుస్తాం. మా దుకాణంలో నల్లటి హెచ్‌డీపీఈ పైపు చుట్టలున్నాయి. అది ఎండను తట్టుకుంటుంది, ధర ఎక్కువ. దాన్ని గట్టు వెంట నేల మీదే పరుద్దామన్నాను. పూడ్చని లైనుకు కంపెనీ గ్యారంటీ ఇవ్వదు. సలీం తల గోక్కుని, "పై వాళ్లకు నేను జవాబు చెప్పుకుంటాను" అన్నాడు.

లాటరల్స్ కదలకుండా గుచ్చే ప్లాస్టిక్ పుల్లలు తీయగానే ఎర్రమ్మ మళ్లీ అడ్డుపడింది.

"ఇనుము కాదు గదమ్మా!" అన్నాను.

"గుచ్చుతె గుచ్చినట్టే."

పుల్లలు సంచిలో పడేసి, అందరం వాగులోకి పోయి రాళ్లు ఏరుకొచ్చాం. సలీం కూడా చొక్కాలో మూటగట్టి మోశాడు. గొట్టాలను రాళ్లతో అదిమాం. పొద్దు వాలేలోపు చివరి వరుస మొదట్లో నీటిచుక్క పడింది. సమ్మయ్య అక్కడే గొంతుక్కూర్చుని ఎంతసేపటికీ లేవలేదు.

తోట బతికింది. పండుగ అయ్యాక పైపు పూడ్చడానికి వెళితే ఎర్రమ్మే గడ్డపార అందించింది.

"మీ తాతయితే ఆ దినమే తవ్వేటోడు" అంది.

ఈ పనిలో నేను విన్న మెప్పు మాటల్లో అది పెద్దది. అందులోనే మా తాత మీద నింద కూడా ఉంది. ఇప్పుడు ఏ పొలానికి వెళ్లినా బావి లోతు కంటే ముందు ఇక్కడ ఏం చేయకూడదో అడుగుతాను. పేరుకే అన్న మాట ఏ రైతు ముందూ అనను. ఆ వారమే మా బాబాయి కొడుకుల్ని కూర్చోబెట్టి తొవ్వ పక్క చెలక సంగతి ఎత్తాను. అప్పుడు నవ్వారు. ఆ తర్వాత ఎత్తినప్పుడల్లా కసురుకున్నారు. తవ్వకుండా నీళ్లు పారించడం ఒక్క పూటలో నేర్చుకున్నాను. ఆ చెలక మాత్రం ఇప్పటికీ మావాళ్ల పేరు మీదే ఉంది.