ముందుండాల్సింది నా బండి

సైన్యంలో పదిహేడేళ్లు లారీ తోలాను. ఓ రోజు కొండదారిలో మా బళ్లు వరసగా వెళ్తుంటే, నా ముందున్నది మందుపాతర మీదకెక్కి పేలిపోయింది. అది నడిపినవాడు పూడిమడక వాడు, నా జతగాడు. నిజానికి ఆ రోజు ముందుండాల్సింది నా బండి. చలికి ఇంజిన్ అందుకోకపోతే, "నువ్వెనక రా బావా" అని నవ్వి వాడు ముందుకు పోయాడు.

రిటైరై అనకాపల్లి పక్కన మా ఊరొచ్చి చెరకు వేశాను. ఒంటి మీద గాయం లేదు గనక బాగున్నాననే అందరూ అనుకున్నారు, నేనూ అనుకున్నాను. కాని హైవే మీద ముందు లారీ కనిపిస్తే చేతులకు చెమట పట్టేది. వంటింట్లో గిన్నె జారితే భార్య మీద అరిచేవాణ్ణి. పూడిమడక గంట ప్రయాణం. ఊరొచ్చిన పదకొండేళ్లలో ఒక్కసారీ జతగాడి నాన్నను చూడ్డానికి వెళ్లలేకపోయాను.

రెండేళ్ల కిందట బెల్లం మార్కెట్లో దిమ్మలు దించుతుంటే పక్క వ్యాను టైరు పేలింది. దబ్బున నేలమీద బోర్లా పడుకుండిపోయాను. చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. లేవబోతే ఛాతీ పట్టేసింది, ఎడమ చెయ్యి లాగేసింది. ఆ నవ్వినవాళ్లే నన్ను ఆటోలో వేసుకుని పరిగెత్తారు. విశాఖలో స్టెంటు వేశారు.

పొగా, మందూ, షుగరూ ఏవీ లేవని చెప్పాక డాక్టరమ్మ, "నిద్ర ఎలా పడుతుంది?" అంది. నా భార్యే చెప్పింది.

"మిలట్రీ నించి వచ్చినకాణ్ణించీ నిద్దర్లేదమ్మా. గోడకి ఈపు ఆనించందే అన్నం కూడా తినడు."

"సైనికుల్లో ఇది చూస్తుంటాం" అంది డాక్టరమ్మ. "అలాంటి భయం ఏళ్ల తరబడి లోపలుంటే గుండెకీ ముప్పు పెరుగుతుంది. మాత్రలతో పాటు మనసు డాక్టరునీ కలవండి."

బయటికొచ్చి, "నాకు పిచ్చనుకుంటన్నావేటి?" అని భార్య మీద విరుచుకుపడ్డాను.

"గుండెకి సూపించుకున్నావు గదా, దీనికీ సూపించుకుంటే తప్పేటి? నాను కూడా వత్తాను, పద" అంది.

మొదటి నెలంతా ఆ డాక్టరుకు చెరకు సంగతులే చెప్పాను. తర్వాత ఓ రోజు ఇంజిన్ సంగతి నోరు జారింది. అరగంట ఏడ్చాను. ఇంకొన్ని వారాలకు, "వాళ్ల నాన్నకు చెప్పాలనిపిస్తోందా?" అని అడిగాడాయన.

నా భార్యే స్కూటీ మీద పూడిమడక తీసుకెళ్లింది. ముసలాయన గుమ్మం ముందు వల బాగుచేసుకుంటున్నాడు. నేనెవరినో చెప్పాను. ఆ ఉదయం జరిగిందంతా చెప్పాను. ఆయన వల పక్కన పెట్టాడు.

"పోయేటప్పుడు నవ్వేడా?" అన్నాడు.

"నవ్వేడు బాబాయ్."

"ఆ ముక్క నాకెవుడూ సెప్పలేదు." కళ్లు తుడుచుకుని నా చెయ్యి పట్టుకున్నాడు. "నీ బండి కదల్లేదని నిన్ను తిడతానా బాబూ? ఇన్నేళ్లూ దీనికా రాలేదు?"

అన్నం తింటేగాని కదలనివ్వలేదు. మాటల్లో తెలిసింది, కొడుకు పోయాక ఆయన బీపీ మాత్రలు మానేశాడట.

ఇప్పుడూ పెద్ద చప్పుడైతే ఉలిక్కిపడతాను. అయితే నాలుగైదు గంటలు నిద్ర పడుతోంది, రోజూ చేలగట్ల మీద నడుస్తున్నాను. పోయిన చెకప్‌లో గుండె మెరుగ్గా ఉందన్నారు. ఆ రోజు ముసలాయన్నీ నాతో తీసుకెళ్లాను. బీపీ చూసి ఆయనకు మళ్లీ మాత్రలు రాశారు. దారంతా కొడుకు చిన్ననాటి అల్లరి చెబుతూనే ఉన్నాడు.