చూస్తూ చూస్తూ అడిగే ప్రశ్న

నేను డిగ్రీ పాసయ్యాను. ఈ ముక్క ముందే చెప్పేస్తున్నాను. కడుపులో దాచుకుంటే నాకు అన్నం సహించడం లేదు. మా ఇంట్లో నాకు ముందు ఎవరూ హైస్కూలు గడప కూడా తొక్కలేదు. రిజల్టు వచ్చిన వారం ముంచింగిపుట్టు సంతలో తెలిసినవాళ్ళకీ తెలియనివాళ్ళకీ చెప్పాను. పసుపు కాటా వేస్తున్న కింది దేశపు షావుకారుకి కూడా చెప్పాను. ఆయన ముల్లు మీంచి కళ్ళు తియ్యలేదు.

"డిగ్రీయేటే? మరి కొండసీపుర్లు ఎవులు తెత్తారే?" అన్నాడు.

"నువ్వే కొండెక్కి కోసుకో బాబూ. పొట్ట తగ్గుద్ది" అన్నాను.

పక్కనున్న ఆడవాళ్ళు కొంగు అడ్డం పెట్టుకుని నవ్వారు. డిగ్రీ వల్ల నాకు దక్కిన మొదటి లాభం అదే.

రెండో లాభం ఉద్యోగం. మా కొండ మీది సర్కారు బడిలోనే నన్ను భాషా సహాయకురాలిగా వేశారు. మా పిల్లలు ఇంట్లో మాట్లాడేది కువి. సారు మాట్లాడేది తెలుగు. చదువు ఇంగ్లీషు మీడియం. ఈ మూడింటి మధ్యా నన్ను నిచ్చెనలా వేశారు. జీతం సంగతి అడక్కండి, నిచ్చెనకి ఎంతిస్తారో అంతే.

మొదటి రోజే సారు నాకు పాఠ్యపుస్తకం చూపించాడు. సారంటే మా బడికున్న ఒకే ఒక్క మాస్టారు. మండల కేంద్రంలో కాపురం, బండి మీద వస్తాడు. మంచు పడితే మంచు పడిందని రాడు, పడకపోతే పడేలా ఉందని బేగి వెళ్ళిపోతాడు. పుస్తకంలో ఒక పేజీ ఇంగ్లీషు, ఎదురు పేజీలో అదే పాఠం తెలుగు.

"రెండు భాషల పుస్తకం. ఇంకేం కావాలమ్మా మీవాళ్ళకి? ఇది అర్థం కాకపోతే పక్క పేజీ చూసుకోవడమే" అన్నాడు పుస్తకాన్ని తడుతూ.

"పక్క పేజీ కూడా అర్థం కాదు సార్. ఇంట్లో మాట్లాడేది కువి కదా."

"అదే నేననేది. వీళ్ళకసలు భాషే లేదు."

భాషే లేదట! మేకని తిట్టడానికి మా అమ్మకి ఎన్ని మాటలున్నాయో, సారుకి ఇంగ్లీషు మొత్తంలో అన్ని లేవు. ఆయన ఇంగ్లీషంతా సిట్ డౌన్, స్టాండప్, వాట్ ఈజ్ దిస్. పిల్లల చేత ఈ మూడూ అరిపించి, గోడ మీద రంగురంగుల అక్షరాలు రాయించి, దీన్ని ఇంగ్లీషు మీడియం అంటున్నాడు. ఆ లెక్కన మా ఊరి కోడి రోజూ పొద్దున్నే సంగీతం క్లాసు తీసుకుంటోంది.

రెండో తరగతిలో ఒక గుంట ఉంది. ఆడపిల్లని మా వైపు అలాగే అంటాం. బడి బయట దాని నోరు మూతపడదు. వాగు దగ్గర, రాగిచేలో, కాఫీ తోటలో, ఎక్కడ నలుగురున్నా దాని గొంతే పైన వినిపిస్తుంది. బడి గదిలోకి వస్తే మాత్రం పెదాలు కుట్టేసినట్టు కూర్చుంటుంది. సారు ఏమడిగినా జవాబుండదు. దానికి బుద్ధి మాంద్యం అని సారు తేల్చేశాడు. పట్నం నుంచి ఒకాయన వచ్చి పరీక్ష చేస్తాడట. ఆయన కూడా ఔనంటే, మండల కేంద్రంలో అలాంటి పిల్లల కోసం పెట్టిన హాస్టలుకి దీన్ని పంపించేస్తారట.

ఆ సాయంత్రం దాని తండ్రి మా ఇంటి ముందుకొచ్చి నిలబడ్డాడు. నాకు వరసకి మామ అవుతాడు. మేం కువిలోనే మాట్లాడుకున్నాం. మీ కోసం తెలుగు చేస్తున్నాను. మీకూ నేను సహాయకురాలినే గదా.

"మా గుంటకి బుర్ర నేదంట గదే? సారు సెప్పినాడు."

"సారుకేటి తెలుసు మామా."

"తెలీపోతే సారెలాగైనాడు?"

నేను చాప వేశాను, ఆయన కూర్చోలేదు.

"అక్కడికి అంపేత్తే దానికి ఎవులితోటి మాట? మన మాటొచ్చినోలు అక్కడ ఒక్కరైనా ఉంటారా?" అన్నాడు. "అంపుతామంటే నాను బడే మానిపించేత్తాను. మేకలెనకాల తిరుగుద్ది. మేకలైతే బుర్ర నేదనవు" అన్నాడు.

అంటే ఆ గుంటకి రెండే దారులు మిగిలాయి: అయితే పిచ్చిదానివన్న పేరుతో పరాయి చోటు, కాకపోతే మేకలు. నాకు రెండూ అక్కర్లేదు. అది బళ్ళోనే ఉండాలి. నేను పుస్తకాలు పట్టుకుని కొండ దిగినట్టు అదీ దిగాలి.

పరీక్ష చేసే ఆయన జీపులో వచ్చాడు. దిగీ దిగగానే బూటు బురదలో దిగబడింది. ఒంటికాలి మీద నిలబడి, కొండని వెనకాల పెట్టుకుని సెల్ఫీ తీసుకున్నాడు. ఇంగ్లీషు సపోర్టులో ఎక్స్‌పర్టునని తనే చెప్పుకున్నాడు. వేరే ఎవరూ చెప్పేలా లేరు కూడా. సారు ఆయనకి కుర్చీ వేసి, దుమ్ము లేని కుర్చీని తువ్వాలుతో తుడిచాడు. గుంటని ఎదురుగా చాప మీద కూర్చోబెట్టారు. తండ్రి వరండా స్తంభం పట్టుకుని నిలబడ్డాడు. కూర్చోమని ఎవరూ అనలేదు.

ఎక్స్‌పర్టు సంచీలోంచి తళతళలాడే బొమ్మల అట్టలు తీశాడు. మొదటిది మేక. దాన్ని గుంట మొహం ముందు పెట్టాడు.

"వాట్ ఈజ్ దిస్?"

గుంట మేకని చూసింది. ఆయన్ని చూసింది. తల దించుకుంది.

"ఇదేంటి పాపా?"

ఉలుకూ పలుకూ లేదు. కోడి చూపించాడు, కుండ చూపించాడు, చెట్టు చూపించాడు. తల ఇంకా కిందికి దిగింది.

"నో రెస్పాన్స్" అని పైకే అనుకుని, నా వైపు తిరిగాడు. "మేడమ్, మీ లాంగ్వేజ్‌లో అడిగి చూడండి. తర్వాత మేం అవకాశం ఇవ్వలేదనకూడదు."

నాకు గుండె ఉప్పొంగింది. నన్ను వేసింది ఇందుకే గదా! మేక అట్ట తీసుకుని, దాని ముందు పట్టుకుని, శుభ్రమైన కువిలో అడిగాను, ఇదేమిటని. జవాబు పరుగెత్తుకొస్తుందనుకున్నాను.

గుంట నా మొహంలోకి చూసింది. నువ్వు కూడానా అన్నట్టు చూసింది. పెదాలు ఇంకా గట్టిగా బిగించింది.

"చూశారా సార్? సొంత భాషలోనే చెప్పలేకపోయింది. నేను ముందే చెప్పాను" అన్నాడు సారు. అంత సంతోషం ఆయన మొహంలో జీతం పడ్డ రోజు కూడా చూడలేదు. స్తంభం మీదున్న మామ చెయ్యి కిందికి జారింది. ఎక్స్‌పర్టు పెన్ను క్యాప్ తీశాడు.

కానీ గుంట చూసిన ఆ చూపు నాకు తెలుసు. అచ్చం ఆ చూపే ఒకసారి మా అమ్మమ్మ మొహంలో చూశాను.

అప్పుడు నేను ఒకటో తరగతి. బడికి వెళ్తున్న గొప్పతో, ఆనాటి మాస్టారిలా చేతిలో పుల్ల పట్టుకుని, అంబలి కలుపుతున్న మా అమ్మమ్మ ముందు నిలబడ్డాను. కుండని పుల్లతో చూపించి "ఇదేంటి?" అన్నాను. అమ్మమ్మ నన్ను ఇలాగే చూసింది. నేను మళ్ళీ అడిగాను. తెడ్డు నా నెత్తి మీద పడింది.

"కుండ నీకు కనబడతలేదేటే? కళ్ళెదర ఉన్నదాన్ని సూత్తా సూత్తా ఏటని అడిగినోడు ఎకసెక్కానికైనా అడగాల, తగువుకైనా అడగాల. నువ్వు దేనికడుగుతన్నావు?"

మా ఇళ్ళల్లో తెలియనిదే అడుగుతారు. మేక తప్పిపోతే ఎటు పోయిందని అడుగుతారు. మేకని పక్కన నిలబెట్టుకుని ఇదేమిటని ఎవరూ అడగరు. తెలిసినవాడు తెలియనట్టు అడిగే చోటు మా కొండల్లో బడి ఒక్కటే. ఆ గుంటకి ప్రశ్న అర్థం కాకపోలేదు. కళ్ళున్న ఇద్దరు పెద్దమనుషులు మేక బొమ్మ పట్టుకుని తనని ఆట పట్టిస్తున్నారనుకుంది. చివరికి వాళ్ళతో నేను కూడా కలిశాననుకుంది.

ఎక్స్‌పర్టు ఒళ్ళోంచి మిగతా అట్టలన్నీ తీసేసుకున్నాను.

"మేడమ్, ప్రాంప్టింగ్ కుదరదు!"

"అందించడం కాదు సార్. నేను అసలు చూడనే చూడను."

అట్టలు కలిపేశాను. ఒకటి తీసి, బొమ్మ గుంట వైపూ వీపు నా వైపూ ఉండేలా పట్టుకున్నాను. "నాకు కనబడ్డం లేదే. ఏముందో నువ్వే చెప్పాలి" అన్నాను కువిలో.

గుంట వెంటనే నమ్మలేదు. ముందుకు వంగి, నేను తొంగి చూస్తున్నానేమోనని నా కళ్ళు పరీక్షించింది. తర్వాత నిదానంగా నోరు విప్పింది.

"మేక."

"ఎలాటి మేక?"

"సూడిది. ఈ ఎండాకాలానికే ఈనుద్ది. తాడు కట్టనేదు, సేల్లో పడుద్ది. ఎవులిదో గానీ సూసుకోడం రాదు."

ఇంక ఆగలేదు. కోడిపుంజు దగ్గర దాని తోక మంచిది కాదంది. చెట్టు చూసి ఇలాంటి చెట్టు ఎక్కడా ఉండదు, గీసినవాడు చూడకుండా గీశాడంది. తెలుగులో చెప్పమంటే సంతలో విన్న తెలుగంతా కుమ్మరించింది. ఇంగ్లీషులో ఏమంటారంటే కాస్త సిగ్గుపడి "గోట్" అంది. అప్పుడు అసలు అనుమానం బయటపెట్టింది.

"నిజంగానే నీకు కనబడనేదా వదినా?"

నేను మా మామ వైపు చూశాను. ఆయన మళ్ళీ స్తంభం పట్టుకున్నాడు, ఈసారి రెండు చేతులతో.

"ఇది స్టాండర్డ్ ప్రొసీజర్ కాదు. కార్డు అసెసర్‌కి కూడా కనబడాలి" అన్నాడు ఎక్స్‌పర్టు.

"ఎందుకు సార్? మేక ఎలా ఉంటుందో మీరు మర్చిపోతారా?"

జీపు డ్రైవరు అప్పటికే వరండా మెట్టు దగ్గరికొచ్చి నిలబడ్డాడు. ఫక్కున నవ్వాడు. ఎక్స్‌పర్టుకి పౌరుషం వచ్చింది. తనే ఒక అట్ట తీసి వెనక్కి తిప్పి పట్టుకుని, "ఇదేంటి?" అన్నాడు. గుంట కదల్లేదు. ఎదురు చూసింది. ఏమనాలో ఆయనకి నేను చెప్పాను. అన్నేళ్ళు చదువుకున్న మనిషికి ఆ మాట గొంతులోంచి రావడం ఎంత కష్టమైందో!

"నాకు... కనబడట్లేదు. నువ్వు చెప్పు."

"కుండ" అంది గుంట తెలుగులో. కొంచెం ఆలోచించి, "నీళ్ళది కాదు, కల్లుది" అంది.

డ్రైవరు మెట్టు మీద కూలబడి నవ్వాడు. ఎక్స్‌పర్టు హాస్టలు జాబితాలో గుంట పేరు పెన్నుతో కొట్టేసి, భోజనం కూడా చెయ్యకుండా జీపెక్కాడు. సారు కోయించిన నాటుకోడి మిగిలిపోయింది. దాన్ని పిల్లలకి పెట్టించాను. వాళ్ళల్లో ఒక్కరు కూడా ఇదేంటి అని అడగలేదు.

తర్వాత అరకులో మా అందరికీ ట్రైనింగ్ పెట్టారు. తెర మీద మా ఎక్స్‌పర్టు బొమ్మలు వేశాడు. ఒక బొమ్మలో అట్ట వెనక్కి తిప్పి ఉంది. దానికి 'రివర్స్ కార్డ్ టెక్నిక్' అని పేరు పెట్టాడు. "ట్రైబల్ ఏరియాలో ఎంతో స్టడీ చేసి నేను డెవలప్ చేసింది" అన్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు. నేను అందరికంటే గట్టిగా కొట్టాను. అందరూ ఆపేశాక కూడా కొడుతూనే ఉన్నాను, ఆయన నా వైపు చూసి మంచినీళ్ళ సీసా కోసం వెతుక్కునేదాకా. మా అమ్మమ్మ తెడ్డుకి ఎంత పెద్ద పేరొచ్చిందో అనుకున్నాను.

మా సారు ఆ ట్రైనింగుకి రాలేదు. మంచు పడేలా ఉందట. అందుకని ఆయన పాత పాటే పాడాడు. ఒకరోజు బల్ల మీది డస్టర్ని కర్రతో కొట్టి, ఆ గుంటనే లేపి, "వాట్ ఈజ్ దిస్?" అన్నాడు. గుంట డస్టర్ని చూసింది, సారుని చూసింది. ఈసారి తల దించలేదు.

"సూత్తన్నారు గదా సారూ. మరేటి అడుగుతారు?"

తరగతంతా గొల్లుమంది. సారు నన్ను బయటికి పిలిచాడు. "ఏమ్మా, ఈ గుంటకి పొగరు బాగా ఎక్కింది. కాస్త చెప్పుకో" అన్నాడు.

చెప్పుకోకుండా ఉంటానా! బడి వదలగానే చేలగట్ల మీద పరుగెత్తుకుంటూ పోయి మా మామకే చెప్పాను. రాజ్మా కాయలు వలుస్తున్నాడు. గుంట పక్కనే కూర్చుని గింజలు ఏరుతోంది.

"సారు నీ గుంటకి పొగరన్నాడు మామా."

మామ వలవడం ఆపాడు.

"బుర్ర నేదన్నాడు గదే?"

"ఇప్పుడు పొగరంట."

"బుర్ర నేకపోతే పొగరెక్కడుంటాదే?" అన్నాడు. తర్వాత గొంతు తగ్గించి, "అయితే ఇంక అంపరు గదా?" అన్నాడు.

"అంపరు. బళ్ళోనే ఉంటాది."

ఆయన చాటలోంచి దోసెడు రాజ్మా నా కొంగులో పోశాడు. గుంట నా చెయ్యి గుంజింది. సారుతో అన్న మాటే ఇంగ్లీషులో ఎలా అనాలో చెప్పమంది.

నేర్పుతున్నాను. ఇంగ్లీషు సపోర్టుకే గదా నన్ను వేశారు.