కంట్లో కారం

నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. గొప్పకు చెప్పుకోవడం లేదు, మా వీధిలో అందరికీ తెలిసిన సంగతే. బడిలో పిల్లలు నా చెప్పుల చప్పుడు విని బెంచీలు సర్దుకుంటారు. ఇంట్లో మా ఆయన నా ముఖం చూసి ఆ పూట మాట్లాడాలో వద్దో తేల్చుకుంటాడు. ఇన్నాళ్ళూ దాన్ని చూసి నాలో నేను కాస్త మురిసిపోయేదాన్ని కూడా. నోరున్న మనిషి బతుకుతుందిలే అనుకునేదాన్ని.

మా పుట్టినిల్లు రాయచోటి. తాత కాలంలోనే మగ్గం వదిలేసి ఉద్యోగాల్లో పడిన ఇల్లు మాది. కర్నూలుకు పడమర పక్క ఉన్న ఈ నేత ఊరికి కోడలిగా వచ్చేదాకా నూలుకు రంగు ఎలా ఎక్కుతుందో నాకు తెలియదు. అత్తగారు అప్పటికే లేరు. మామ, ఆడబిడ్డ కలిసి పెరట్లో నూలు చిలపలకు, అంటే చుట్టలు కట్టిన నూలుకు, రంగులు వేసేవాళ్ళు. మా ఆయన ఆ నూలును ఊరూరా మగ్గాలకు చేర్చేవాడు. నేను ఊళ్ళోని ఒక ప్రైవేటు బడిలో సైన్సు టీచరుగా చేరాను.

ఆ ఇంట్లో నేను నేర్చుకున్న మొదటి మాట ‘కారం’. రంగు నీళ్ళలో కలపడానికి కాస్టిక్ సోడా వాడతారు. తెల్లటి పెళుసు పలుకులు, మూత తీసి ఉంచితే గాలిలోని తేమకే చెమ్మగిల్లి గడ్డ కడతాయి. మామ వయసులో ఉన్నప్పుడు ఎక్కడో రంగుల శిక్షణకు పోతే అక్కడి ఆఫీసరు దాన్ని క్షారం అన్నాడట. అది మామ నోట్లో పడి కారమైంది. మా ఆడబిడ్డ ఆ మాట వింటూనే పెరిగింది. వంటింట్లోది వాళ్ళకు మిరప్పొడి, పెరట్లోది కారం. మా రాయచోటి ఇంట్లో మాత్రం కారం అంటే అన్నంలో కలుపుకునేదే. కొత్తలో మామ కారం డబ్బా తెమ్మంటే నేను వంటింట్లోది తీసుకుపోయి ఇచ్చాను. మామా, ఆడబిడ్డా వారం రోజులు నవ్వారు. కారం కాదు మామా, క్షారం అని నేను పాఠం కూడా చెప్పాను. అంటే ఆ మాటకు రెండు అర్థాలున్నాయని నాకు బాగా తెలుసు. తెలియక చేశానని చెప్పుకునే వీలు నాకు లేదు.

మా ఆడబిడ్డకు అప్పుడు ఇరవై నాలుగేళ్ళు. మెత్తని మనిషి. ఆమె కన్నుకు మాత్రం ఊరంతా విలువ ఇచ్చేది. వ్యాపారి పాత చీర నుంచి ఒక దారప్పోగు పీకి తెచ్చి ఇస్తే, వెలుగులో అటూ ఇటూ తిప్పి చూసి, ఏ రంగు ఎంత కలపాలో చెప్పేసేది. మామ నలభై ఏళ్ళు చేసినా చివరికి తొట్టి దగ్గర నిలబడి, ‘ఏమ్మా, సరిపోయిందా?’ అని ఆమెనే అడిగేవాడు.

అది ఆదివారం. రంగుల పనికి సెలవు. మా ఆయన నూలు పని మీద డోన్‌కు పోయాడు, మామ టీ అంగడి దగ్గరికి పోయాడు. పొద్దున నేను తీగ మీది బట్టలు తీస్తూ చూస్తే నా తెల్ల నూలు చీర కుచ్చిళ్ళ దగ్గర నాలుగైదు నీలం చుక్కలు. ముందు రోజు సాయంత్రం ఆమె తడి చిలపలు ఆ పక్కనే విదిలించింది. బడి పండుగకు కట్టుకోవాలని దాచుకున్న చీర అది. నేను ఆమెను పిలిచి, పక్కింటివాళ్ళు గోడ మీదుగా చూస్తున్నా ఆగకుండా కడిగేశాను. చివరికి, ‘కండ్లు కనపడవా నీకు?’ అన్నాను. అందరం అనే మాటే అది. ఆమె తల వంచుకుని పోయింది. ఎదురు చెప్పడం ఆమెకు రాదు. రాదని తెలిసే నేను అంత సేపు తిట్టాను.

తర్వాత ఎండుమిరపకాయలు వేయించి, రోట్లో దంచి డబ్బాకెత్తాను. ఇంకా రోలు కడగలేదు. ముందు గదిలో కూర్చుని ఎనిమిదో తరగతి పేపర్లు దిద్దుకుంటున్నాను. ఆమె గడప దగ్గరికి వచ్చి నిలబడింది.

‘వదినా, కంట్లో కారం పడె.’

గొంతు మామూలుగానే ఉంది. నేను తల ఎత్తలేదు. రోలు సర్దబోయి ఉంటుంది అనుకున్నాను. అనుకోవడం కూడా కాదు, ఆమె మీద చిరాకు ఇంకా చల్లారక ఆలోచించే ఓపిక నాకు లేకపోయింది.

‘ఆముదం రెండు చుక్కలేసుకుని కన్ను మూసుకుని పడుకో. చిన్నపిల్లవా?’ అన్నాను.

ఆమె సరేనని పోయింది. నేను ఇంకో నాలుగైదు పేపర్లు దిద్దాను. మార్కులు తక్కువ వేసిన గుర్తు.

మామ ఇంటికొచ్చి పెరట్లోకి పోయాడు. అక్కడినుంచి, ‘ఈ పొద్దు కారం ఎవరు కలిపినారమ్మా?’ అని అడిగాడు. ఆ మాటతో నా చేతిలో పెన్ను ఆగింది. లేచి పరుగెత్తాను. బకెట్టు ఇంకా పొగలు కక్కుతోంది. దాని పక్కన నా తెల్ల చీర మడత పెట్టి ఉంది. నీలం మరక వదలాలంటే ఆ కారంలోనే, హైడ్రోసు అనే ఇంకో పొడి కలిపి ముంచాలి. ఆ రోజు ఆమె కలిపింది పని కోసం కాదు, నా చీర కోసం.

నీళ్ళలో కారం వేయాలి, కారం మీద నీళ్ళు పోయకూడదు. మామ రోజుకు పదిసార్లు చెప్పే మాట అది. బకెట్టు అడుగున గడ్డకట్టిన పలుకులు ఉంటే, నేను బయటికి వచ్చేలోపు ముగించాలన్న తొందరలో ఆమె వాటి మీదే వేడినీళ్ళు పోసింది. అది ఒక్కసారిగా ఉడికి ఎగిసింది. ఎడమ కంట్లో పడింది. రెండు దోసిళ్ళ నీళ్ళు కొట్టుకుని నా దగ్గరికి వచ్చింది. సైన్సు చదివిన వదిన ఆముదం వేసుకోమంటే అదే సరైన వైద్యం అనుకుంది.

ఆమెను లేపి కొళాయి కిందికి లాక్కుపోయాను. నేను రెప్పలు విడదీసి పట్టుకుంటే మామ నీళ్ళు పోశాడు. అరగంట పోశాం. ముందే చేయాల్సిన పని అది. క్షారం పడితే క్షణం ఆగకుండా నీళ్ళు, ఇంకా నీళ్ళు, ఆ తర్వాతే ఆసుపత్రి. ఈ ముక్క నేను ఏటా పిల్లల చేత వల్లె వేయిస్తాను.

కర్నూలు ఆసుపత్రిలో డాక్టరు కన్ను పరీక్ష చేస్తూ, పడిన వెంటనే కడిగారా అని అడిగాడు. నేను నోరు తెరిచాను. నాకంటే ముందు ఆమె చెప్పింది.

‘వెంటనే కడిగినాం సార్. మా వదిన సైన్సు టీచరు.’

డాక్టరు నా వైపు తిరిగి మంచి పని చేశారన్నాడు. నేను తల ఊపాను. ఆ తల ఊపడం ఇప్పటికీ నా మెడలో బరువుగానే ఉంది. బస్సులో వస్తూ చెప్పేద్దామనుకున్నాను. మా ఆయనతో చెప్పాలనుకున్నాను. రోజులు గడిచేకొద్దీ ఊరు నన్ను మెచ్చుకోవడం మొదలుపెట్టింది, చదువుకున్న కోడలు ఉండబట్టి సరిపోయిందని. ఆ మెప్పును కూడా కాదనలేదు.

చూపు తిరిగి రాలేదు. నల్లగుడ్డు మీద తెల్లగా పువ్వు వేసింది. వెలుగు, చీకటి తెలుస్తాయి, అంతే. గుడ్డు పొర మార్చినా ఇలాంటి కంటికి నిలుస్తుందన్న నమ్మకం లేదన్నారు. రంగు ఇప్పటికీ ఆమే చెబుతుంది, ఒక కంటితోనే. కానీ చెంబు వంచితే నీళ్ళు గ్లాసు పక్కన పడతాయి. సూదిలోకి దారం నన్ను ఎక్కించమంటుంది.

తర్వాత నాకు జాగ్రత్తల పిచ్చి పట్టింది. కారం డబ్బా మీద పెద్ద అక్షరాలతో ‘క్షారం, విషం’ అని రాశాను. కళ్ళద్దాలు, రబ్బరు తొడుగులు తెచ్చాను. మామ ఆ కళ్ళద్దాలను నుదుటి మీద పెట్టుకుని పని చేస్తాడు, నేను చూస్తే కిందికి దించుతాడు. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టే. అది కూడా ఆమె చేతులు కాదు, కన్ను.

మొన్న ఎండాకాలం, పగటి పూట, ఇద్దరం పెరట్లో చిలపలు ఆరేస్తున్నాం. ఇక మోయలేక చెప్పేశాను. తల ఎత్తి చూడలేదని, చిరాకుతో ఆముదం అన్నానని, డాక్టరు మెచ్చుకుంటే తల ఊపానని, అన్నీ.

‘నాకు తెలుసులే వదినా’ అంది.

‘తెలిస్తే ఇంకోసారి ఎందుకు చెప్పలేదు? అంత మండుతుంటే మళ్ళీ ఒక్క కేక వేసుంటే లేచి వచ్చేదాన్ని కదా?’ అన్నాను. చూడండి, తప్పు ఒప్పుకుంటూ కూడా నా గొంతు లేచింది.

ఆమె చేతిలోని చిలపను దులిపి కర్ర మీద వేసింది.

‘పొద్దున్నే ఒగసారి తిట్టించుకుంటి కదా. మళ్ళా పిలిస్తే నీకు శానా కోపమొస్తాదని ఓర్చుకుని పండుకుంటి.’

అని, ఈ మాటకు నాకు కోపం వచ్చిందేమోనని, ఆ ఉన్న ఒక్క కంటితో నా ముఖం వైపు చూసింది.